వల కట్టే చేతులకు నాలుగు కెమెరాలు

“బొమ్మ వేయడం చేతకాకే కదమ్మా, ఈ కెమెరాలన్నీ?”

అడిగింది శ్యాంబాబు గారు. రాజమండ్రి మనిషే, హైదరాబాద్‌లో పిల్లల కోసం యానిమేషన్ సీరియల్ తీస్తున్న నిర్మాత. అడిగించుకున్నది వెంకటదుర్గ. కాకినాడలో ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లిన మేడ మీది గదిని అద్దెకు తీసుకుని, అందులో కెమెరాలు బిగించుకుని కూర్చున్న మనిషి. ఆ మాటకు కోపం తెచ్చుకుందామంటే కుదరలేదు. అందులో సగం నిజం.

“సగం అందుకేనండి. మిగతా సగం, చేతులు గీసేవాళ్లు కూడా చేతుల్ని సరిగ్గా చూడరని,” అంది ఫోన్‌లో.

“సరే చూపించు మరి. వచ్చే సోమవారం పన్నెండు గంటలకి ఛానల్ వాళ్లు వస్తున్నారు. నలభై సెకన్లు. సీరియల్‌లో ముసలమ్మ వల కట్టాలి. కుదిరిందా, పదమూడు భాగాల్లో చేతుల పనంతా నీదే. లేదా, బెంగళూరులో ఒకళ్లు తయారుగా ఉన్నారు.”

దుర్గకు ముప్పై ఒకటి. పుట్టింది కడియంలో. తల్లి లోవలక్ష్మి ఇప్పటికీ నర్సరీలో మొక్కలకు అంట్లు కట్టే కూలీకి వెళ్తుంది. దుర్గ కాకినాడలో డిగ్రీ పూర్తిచేసి ఫ్లెక్సీల షాపులో చేరింది. ఎనిమిదేళ్లు చేసింది. ఆ షాపు కంప్యూటర్‌లో ఒక దండం ఉండేది. ఎవరివో తెలియని రెండు చేతులు, నమస్కారం పెడుతూ. ఫొటోలో జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డ నాయకుడు ఫ్లెక్సీకి ఎక్కేసరికి ఆ చేతులతో వినయంగా దండం పెట్టేవాడు. పుట్టినరోజు కుర్రాళ్లకు అవే, వార్డు మెంబర్లకు అవే, స్వర్గస్థులైన వాళ్లకూ అవే. డెబ్బై ఏళ్లాయనకు పాతికేళ్ల చేతులు అతికించినా ఎనిమిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. చేతుల్ని ఎవరూ చూడరన్న సంగతి దుర్గకు అక్కడే తెలిసింది. అది ఆమెను బాధపెట్టిందని రాయడం అతి. చికాకు పెట్టింది. ఆ చికాకుతోనే కంప్యూటర్‌లో బొమ్మలు కదిలించడం నేర్చుకుంది. మొహాలు, నడకలు బాగానే వచ్చాయి. చేతుల దగ్గరకు వచ్చేసరికి అరటిపళ్ల హస్తాల్లా వచ్చాయి. అప్పుడు కెమెరాల దారి పట్టింది.

ఆ దారి చెప్పుకోవడానికి తేలిక. మనిషి కెమెరాల ముందు చేతులు కదిపితే, ప్రతి వేలి కణుపూ ఏ క్షణంలో ఎక్కడుందో కంప్యూటర్ లెక్కగట్టి, ఆ కదలికను తెర మీది బొమ్మ చేతికి ఎక్కిస్తుంది. ఒక్క కెమెరా అయితే లోతు తెలియదు. పైగా ఒక వేలి వెనక ఇంకో వేలు దాక్కుంటుంది. అందుకని నాలుగు వైపుల నుంచి నాలుగు. పెద్ద స్టూడియోల్లో ఈ పనికి వేరే గదులు, వేరే మనుషులు ఉంటారు. దుర్గ దగ్గర నాలుగు మామూలు వెబ్ కెమెరాలు, వాటిని కట్టడానికి నాలుగు వెదురు కర్రలు, వాడేసిన ఒక లాప్‌టాప్ ఉన్నాయి. కెమెరాలన్నీ ఒకే చోటుని చూస్తున్నాయని కంప్యూటర్‌కు నమ్మకం కలిగించడానికి వాటి ముందు నలుపు తెలుపు గళ్ల కాగితం తిప్పి చూపించాలి. మొదట ఆ కాగితాన్ని అట్టకు అతికించింది. జూన్ ఉక్కకు అట్ట వంగింది, లెక్క తప్పింది. తర్వాత అద్దాల షాపులో గాజు పలక కోయించి దానికి అతికించింది. గాజు వంగలేదు.

ఇక వల కట్టే చేతులు కావాలి. అంతకుముందు హైదరాబాద్‌లో ఇద్దరు ఆర్టిస్టులు ఆ షాట్ వేశారు. ఇద్దరి బొమ్మల్లోనూ ముసలమ్మ వల కడుతున్నట్టు లేదు, మనవరాలికి తల దువ్వుతున్నట్టుంది. దుర్గ నాలుగు రోజులు చేపల రేవు వైపు తిరిగి పెద్దింట్లమ్మను పట్టుకుంది. యాభై ఎనిమిదేళ్లు. వలలు కట్టడంలో, చిరిగినవి బాగుచేయడంలో ఆ వీధిలో ఆమె తర్వాతే ఎవరైనా. భర్త పదకొండేళ్ల క్రితం వేటకు వెళ్లి తిరిగి రాలేదు. మరిది సత్తియ్య బోటు మీద వెళ్తాడు, ఆమె బాగోగులూ చూస్తాడు, ఆమె ఎక్కడికెళ్లాలో ఎక్కడికి వద్దో కూడా చూస్తాడు.

చిక్కంతా తేదీల్లో ఉంది. వేసవి వేట నిషేధం ఆ ఆదివారం అర్ధరాత్రితో అయిపోతుంది. రెండు నెలలు ఒడ్డునున్న బోట్లన్నీ ఒక్కసారి కదులుతాయి. ఆ వారంలో వల కట్టే చేతులకు ఉన్న గిరాకీ ఏడాది మొత్తంలో ఉండదు. పెద్దింట్లమ్మ రెండున్నర వేలు అడిగింది. దుర్గ బేరం చేయలేదు. వెయ్యి అడ్వాన్సు ఇచ్చి, మిగతాది స్టూడియో డబ్బు రాగానే ఇస్తానంది.

“శనివారం ఒక్క రోజు. నాలుక్కల్లా దింపేయాలి,” అన్నాడు సత్తియ్య. “ఆరు వలలున్నాయి మేడమ్ గారూ. మీ బొమ్మ చేపలు పట్టదు.”

శనివారం తొమ్మిదిన్నరకు వదినా మరిదీ ఆటో దిగారు. దుర్గ గది మధ్యలో బల్ల, బల్ల ముందు మెత్తటి కుర్చీ, చుట్టూ వెదురు కర్రల మీద కెమెరాలు. శుక్రవారమంతా కూర్చుని సరిచూసుకున్న అమరిక. పెద్దింట్లమ్మ కుర్చీ వైపు చూసి, సత్తియ్య వైపు చూసి, కూర్చుంది. వల ముక్క బల్ల మీద పరిచి, దారం చుట్టిన చెక్క సూది చేతిలోకి తీసుకుంది. దుర్గ ఫ్యాన్ ఆపేసింది. గాలికి దారం ఊగితే కెమెరాలకు వేలేదో దారమేదో తెలియదు. రికార్డింగ్ మొదలుపెట్టింది.

గంటసేపు తీసింది. తెర మీద ముసలమ్మ మళ్లీ తల దువ్వుతోంది.

దుర్గ లెక్కలు తిరగేసింది. దీపాలు మార్చింది. గళ్ల గాజు మళ్లీ తిప్పింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు కెమెరాల్లో లేదు.

“పెద్దమ్మా, మీరు ఇంటి దగ్గర కూడా ఇలాగే కడతారా?”

“ఇలాగా? ఇది కట్టడమేంటి? నువ్వు కూకోమన్నావని కూకున్నాను, కట్టినట్టు చేత్తన్నాను.”

“మరి చెప్పలేదేంటండీ?”

“నువ్వడిగితే కదా. కెమెరాలంటే కట్టినట్టు చెయ్యడమే అనుకున్నాను. సినిమాల్లో నిజంగా కొట్టుకుంటారా ఏంటి?”

కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. కుడికాలు చాపి, వల కొసను కాలి బొటనవేలికి తగిలించి లాగింది. వల బిగిసింది. బిగిసిన వల మీద చేతులు పడగానే వేరే మనిషి అయింది. కాలు వెనక్కి లాగుతుంటే చేతులు ముందుకు లాగుతాయి. ఆ రెండింటి మధ్య ముడి పడుతుంది. బల్ల మీద పరిచిన వలలో ఆ లాగుడు లేదు. అందుకే తల దువ్వినట్టుంది.

అప్పటిదాకా దుర్గకు తట్టని విషయం ఇదీ: తన తల్లి కూడా కుర్చీలో కూర్చుని అంటు కట్టదు. నేల మీద కూర్చుని, ప్లాస్టిక్ పట్టీ కొస కాలి వేళ్ల మధ్య నొక్కిపట్టి, రెండో కొస చేత్తో చుడుతుంది. ఇరవై ఏళ్లు కళ్లెదుట చూసి, పెద్దావిడకు మర్యాద చేస్తున్నాననుకుని బల్ల వేసింది. మర్యాదకు గంటన్నర ఖర్చయింది.

బల్ల బయటకు పోయింది. వెదురు కర్రలు విప్పి, కెమెరాలు మోకాలి ఎత్తుకు దించి కట్టింది. కెమెరా అంగుళం కదిలినా పాత లెక్క పనికిరాదు. గళ్ల గాజు మళ్లీ మొదటి నుంచీ. సత్తియ్య గుమ్మంలో నిలబడి ఫోన్‌లో టైము చూసుకుంటున్నాడు. పన్నెండున్నర.

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి తెర మీది ముసలమ్మకు మూడో చెయ్యి మొలిచింది. కడుపు దగ్గర నుంచి పొడుచుకొచ్చి, వేళ్లు ఆడిస్తోంది. పెద్దింట్లమ్మ కాలిని కంప్యూటర్ చెయ్యి అనుకుంది.

పెద్దింట్లమ్మ పగలబడి నవ్వింది. “నిజంగా మూడోది ఉంటే ఈపాటికి ఇంకో వల కట్టేసేదాన్ని. ఉండనీవే అమ్మాయ్, బాగుంది.”

సత్తియ్య నవ్వలేదు. “రెండు చేతులకే దిక్కులేదు,” అన్నాడు.

దుర్గ తన నల్ల చున్నీ తెచ్చి ఆవిడ పాదానికి చుట్టింది, బొటనవేలి దగ్గర వల దూరేంత సందు మాత్రం వదిలి. మూడో చెయ్యి మాయమైంది. కానీ అసలు కష్టం అప్పుడు బయటపడింది. ముడి వేసే క్షణంలో ఎడమచేతి వేళ్లు వల వెనక్కి పోతున్నాయి. పోయిన వేలిని కంప్యూటర్ ఊహించుకుంటోంది, తప్పు ఊహించుకుంటోంది. చూపుడువేలి స్థానంలో మధ్యవేలు, మధ్యవేలి స్థానంలో గాలి. వల సందుల్లోంచి కనిపించే గుర్తులేవైనా కణుపుల మీద ఉండాలి. చిన్నవి, గుండ్రటివి, వేలికో రంగువి, అంటుకునేవి.

అలాంటివి వీధి చివర ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. ఆడపిల్లలందరికీ తెలుసు. దుర్గ మెట్లు దిగి పరుగెత్తి, ఐదు రంగుల బొట్టుబిళ్లల అట్టలు తెచ్చింది. మొదటి ఎర్రబిళ్ల తీసి పెద్దింట్లమ్మ చూపుడువేలి కణుపు మీద పెట్టబోయింది.

“ఆగండి,” అన్నాడు సత్తియ్య. “అవేంటి?”

“గుర్తులండి. కెమెరాకి.”

“బొట్లు అవి. మా వదినకి బొట్లా? మా అన్న పోయి పదకొండేళ్లు. ఇంట్లో అద్దం ముందు కూడా ముట్టుకోదు. లే వదినా, ఎల్దాం.”

సత్తియ్య చెడ్డవాడు కాదు. అన్న పోయాక ఆ ఇంటికి బియ్యం తెచ్చింది అతనే. అలా తెచ్చినవాళ్లకు ఆ ఇంట్లోని నుదుళ్ల మీద కూడా హక్కు వచ్చిందనిపించడం మన దగ్గర కొత్తేమీ కాదు. అతను లోపలికి వచ్చి వల చుట్టడం మొదలుపెట్టాడు. దుర్గ చేతిలో ఎర్రబిళ్ల వేలి కొసకు అంటుకుని ఉంది. గోడ గడియారంలో ఒకటిన్నర. వల గుమ్మం దాటితే సోమవారానికి ఏమీ ఉండదు. పదమూడు భాగాలు బెంగళూరు పోతాయి, తను ఫ్లెక్సీల షాపుకు పోతుంది, ఆ దండం చేతులు అక్కడే ఉంటాయి. బతిమాలుదామనుకుంది. అతని ఇంటి సంగతిలో తనెవరు?

పెద్దింట్లమ్మ లేవలేదు. వల కొస ఇంకా ఆమె కాలి బొటనవేలికే ఉంది. సత్తియ్య చుడుతున్న వల అక్కడికొచ్చి బిగిసి ఆగింది.

“కాలు తియ్ వదినా.”

“మొహానికి పెట్టొద్దన్నారు. పెట్టలేదు. ఏలికి పెట్టొద్దని ఎవరన్నారు?”

“నలుగురూ ఏమనుకుంటారు?”

“నలుగురంటే ఈ కెమెరాలేనా? ఇక్కడున్నది మనం ముగ్గురం. నేను చెప్పను. ఈ పిల్ల చెప్పదు. నువ్వు చెప్తావా?”

సత్తియ్య వల ఇంకోసారి లాగాడు.

“వల వదులు. చిక్కు పడతంది,” అంది పెద్దింట్లమ్మ. తర్వాత దుర్గ వైపు ఎడమచెయ్యి చాపింది. “కానీ. మా ఇంటికొచ్చిన రోజు తల దువ్వుతున్నట్టుందని హైదరాబాదోళ్ల బొమ్మ చూపించావు కదా. నా ఈడుదాన్ని పెట్టి అలా చేత్తారా ఎవరన్నా? సిగ్గు లేదూ?”

ఇక్కడ ఆగి, ఒక స్త్రీ తెగువ గురించి రెండు మంచి మాటలు రాయాలనిపించే వాళ్లుంటారు. ఆవిడకు ఆ ఉద్దేశం ఉన్నట్టు కనిపించలేదు. అడ్వాన్సు తీసుకున్న పని; దానికితోడు ఆ తల దువ్వే బొమ్మ మీద ఒళ్లుమంట. సత్తియ్య వల వదిలేసి మెట్ల మీద వెళ్లి కూర్చున్నాడు, ఇటు చూడకుండా.

కణుపుకొకటి చొప్పున బిళ్లలు అంటించేసరికి రెండు దాటింది. ఫ్యాన్ ఆపి ఉంది; కిటికీలు వెలుగు మారకుండా మూసి ఉన్నాయి. మొదటిసారి పది ముళ్లు పడేలోపే చెమటకు మూడు బిళ్లలు జారిపోయాయి. ఒకటి వలకు అంటుకుంది, కంప్యూటర్ దాన్ని వేలనుకుని వల వెంట పరుగెత్తింది. తుడిచి మళ్లీ అంటించింది. రెండోసారి ఆకుపచ్చవి పోయాయి. మూడోసారి వేళ్లకు పౌడరు రాసి అంటిస్తే నిలబడ్డాయి, కానీ పెద్దింట్లమ్మకు దారం జారింది. “పౌడరు చేతుల్తో వల కట్టిందాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను,” అంటూ చీర చెంగుకు తుడుచుకుంది. బిళ్లలన్నీ చెంగుకు పోయాయి.

మూడు పది. మెట్ల మీద నుంచి సత్తియ్య గొంతు: “వదినా.”

“ఒక్కసారి,” అంది దుర్గ. ఎవరితో అందో ఆమెకే తెలియదు.

చేతులు ఆరేదాకా పుస్తకంతో విసిరి, కొత్త బిళ్లలు అంటించి, విసరడం ఆపి, రికార్డింగ్ నొక్కింది. పెద్దింట్లమ్మ ఒక చప్పట కొట్టింది. నాలుగు కెమెరాలనూ ఒకే క్షణానికి కలుపుకోవడానికి అదే గుర్తు. సూది కదిలింది. ఈసారి కట్టినట్టు చేయడం కాదు, కట్టడం. కాలు లాగుతోంది, భుజం ఊగుతోంది, మనిషి గదిలో లేదు, ఇంటి దగ్గర ఆరు వలల్లో ఒకదాని మీద ఉంది. పది సెకన్లు. పదిహేను. ఒక్క బిళ్ల జారలేదు. ఇరవై.

ఇరవై రెండో సెకనులో నాలుగో కెమెరా మీది ఎర్రదీపం ఆరిపోయింది.

దుర్గ నోరు తెరిచి, చేత్తో మూసుకుంది. ఆపితే? ఇంకోసారి బిళ్లలు అంటించే టైము లేదు, ఆ చేతులు ఇంకోసారి ఇలా నడుస్తాయన్న నమ్మకం లేదు. ఆపకపోతే? చేతి బొటనవేలి లోపలి వైపు కనిపించేది ఆ కెమెరాకే. వైరు వదులైందా, లాప్‌టాప్ మోయలేకపోయిందా, చూద్దామంటే కదలాలి; కదిలితే ఆవిడ తలెత్తుతుంది. దుర్గ కదల్లేదు. మూడు దీపాలు వెలుగుతున్నాయి. వాటిని చూస్తూ నిలబడింది. ముప్పై. నలభై. నలభై ఏడు.

“చాలా?” అంది పెద్దింట్లమ్మ.

“చాలు పెద్దమ్మా.”

వేళ్ల మీది బిళ్లలన్నీ పెద్దింట్లమ్మ తనే ఒక్కొక్కటీ తీసి, అట్ట మీద వాటి చోట్లలోనే వరసగా అంటించి ఇచ్చింది. నాలుగుకు పది నిమిషాల ముందు ఆటో కదిలింది. సత్తియ్య దుర్గకు వెళ్లొస్తానని చెప్పలేదు.

ఆదివారమంతా దుర్గ ఆ నలభై సెకన్లను బొమ్మ చేతులకు ఎక్కించింది. బొటనవేలు తప్పిన చోటల్లా మిగతా మూడు కెమెరాల్లో బిళ్లలు చూసుకుంటూ చేత్తో సరిదిద్దింది. వల కడుతున్నట్టే ఉంది. ఒక్క అనుమానం మిగిలింది. ఎడమచేతి వేళ్లు మూడు చోట్ల అరసెకను పాటు రాయిలా ఆగిపోతున్నాయి. వేలు కనపడకపోతే కంప్యూటర్ దాన్ని చివరిసారి చూసిన చోటే నిలబెడుతుంది. ఇది అదేనా? వేళ్లు వల వెనకున్నప్పుడే జరుగుతోంది కాబట్టి వీడియోలో చూసినా తేలడం లేదు. తేల్చుకోలేక, చెరపలేక, సోమవారం పదకొండు ఇరవైకి అలాగే పంపింది.

పదకొండు ముప్పై ఐదుకు ఫోన్.

“బాగుందమ్మా. బాగుందిగానీ వేళ్లు మధ్యలో చచ్చిపోతున్నాయి. మూడుసార్లు. నీ కెమెరాలు మిస్సయ్యాయి కదూ? మెత్తగా కలిపేసి పది నిమిషాల్లో పంపు.”

“ఒక్క ఐదు నిమిషాలు ఇవ్వండి.”

“వాళ్లు లిఫ్ట్ ఎక్కేలా ఉన్నారు.”

కలపడం రెండు నిమిషాల పని. దుర్గ అది చేయకుండా పెద్దింట్లమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ఎత్తారు.

“పెద్దమ్మా, మొన్న కడుతున్నప్పుడు మధ్యమధ్యలో ఎడమచెయ్యి ఆపారా? మూడుసార్లు?”

“ఆపకపోతే ఎలా? వలలో ఐదు కళ్లు కట్టాక కంట్లోకి రెండు వేళ్లు దూర్చి చూసుకోవాలి. పెద్దదైతే చేప పోద్ది. చిన్నదైతే మా మరిది నోరు ఊరుకోదు. ఏం, బొమ్మ ఆపలేదా?”

“ఆపిందండి.”

“మరింకేం.”

దుర్గ వీడియో తెరిచి, సూది వల దాటిన ప్రతిసారీ వేలు మడిచి లెక్కపెట్టింది. ఐదో కన్ను తర్వాత ఒకటి. పదో కన్ను తర్వాత ఒకటి. నాలుగో కెమెరా ఆగింది సరిగ్గా అక్కడే. పదిహేనో కన్ను తర్వాత ఒకటి. ఫోన్ తీసింది. పదకొండు నలభై తొమ్మిది.

“అవి మిస్సవడం కాదండి. ఐదు ముళ్లకోసారి కన్ను సైజు చూసుకుంటుంది ఆవిడ. తీసేస్తే మళ్లీ తల దువ్వుతున్నట్టుంటుంది. నేను తియ్యను.”

“నీకు వల కట్టడం వచ్చా?”

“రాదండి. ఆవిడకొచ్చు.”

“ఛానల్ వాళ్లు అడిగితే?”

“ఇదే చెప్పండి.”

శ్యాంబాబు గారు ఫోన్ పెట్టేశారు. పన్నెండున్నరకు మెసేజ్ వచ్చింది: పదమూడు భాగాలూ నీవే, రెండో భాగం కథ పంపుతున్నాను, అందులో అంట్లు కట్టే సీను ఉంది, చేతులు చూసుకో. ఛానల్ వాళ్లు ఆ ఆగడం గురించి అడిగారో లేదో ఆయన రాయలేదు. డబ్బు గురించి మాత్రం రాశారు: మొదటి భాగం ప్రసారమయ్యాక.

తల్లి లోవలక్ష్మి కాకినాడ గదికి రెండుసార్లు వచ్చి వెళ్లింది. ఆమె కోసం బల్ల వేయలేదు. బొట్టుబిళ్లలు నిలబడటానికి దుర్గ ఇప్పుడు వేరే జిగురు వాడుతోంది. నాలుగో కెమెరా వైరు మార్చింది. సీరియల్ మొదటి భాగం ఇంకా ప్రసారం కాలేదు. పెద్దింట్లమ్మకు ఇవ్వాల్సిన పదిహేను వందలు దుర్గ ఇంకా ఇవ్వలేదు.